తొంభై నాలుగు మోడలే... కానీ ఏ నెల?

కారు వయసు అడిగితే అందరం సంవత్సరమే చెబుతాం. ప్రాణం సంగతి వచ్చేసరికి మాత్రం నెల కూడా లెక్కకొస్తుంది. ఓ తెల్ల అంబాసిడర్ పుట్టుపూర్వోత్తరాలు తవ్విన ఏర్పేడు తండ్రీకూతుళ్లకు తెలిసిన సంగతి ఇది.

పాత కారు బేరంలో మొట్టమొదట వినపడే మాట 'మోడల్'. తొంభై రెండు మోడల్, తొంభై నాలుగు మోడల్ అంటారు అమ్మేవాళ్లు. కొనేవాళ్లూ అదే అడుగుతారు. ఇంజిను ఎలా ఉంది, టైర్లు ఎన్నాళ్లొస్తాయి, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు... ఇలా సాగుతుంది బేరం. 'జనవరిలో తయారైందా, జూన్‌లోనా?' అని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకే ఏడాది తయారైన, ఒకే పేరున్న రెండు కార్లు పక్కపక్కన నిలబెడితే రెండూ ఒకటే అనుకుంటాం. రంగు ఒకటే, తలుపులు ఒకటే, ముందరి జాలీ ఒకటే. కానీ కూర్చున్న మనిషిని కాపాడే విషయంలో ఆ రెంటికీ బోలెడంత తేడా ఉండొచ్చు. ఆ తేడా పైకి కనపడదు. రేకు లోపల ఉంటుంది!

ఏర్పేడులో ఉండే ఓ పెద్దాయన ఆర్టీసీలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. సర్వీసులో ఉండగానే ఓ డీజిల్ అంబాసిడర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఏపీ-03 నంబరు. తొంభై నాలుగు మోడల్. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లకు బంధువుల్ని మోసింది ఆ బండే. భార్య ఆస్పత్రికి వెళ్లి వచ్చిందీ అందులోనే. శ్రీకాళహస్తికో, తిరుపతికో ఎప్పుడు బయల్దేరినా ఇంట్లో జనంతోపాటు పక్కింటివాళ్లు ఇద్దరు ఎక్కేవాళ్లు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు... అంబాసిడర్‌ అంటే మన ఇళ్లలో అంతే కదా!

పోయిన సంక్రాంతికి బెంగళూరు నుంచి చిన్న కూతురు వచ్చింది. నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకుని కొండకు వెళ్లాలనుకుంది. తాత బండి తీశారు. మనవడు చప్పట్లు కొట్టి ముందు సీట్లోకి ఎక్కేశాడు. కూతురు మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయింది.

''నాయనా, బిడ్డను దీంట్లో కూర్చోబెట్టుకోని నేను రాలేను.''

''ఏమ్మా, బెల్టుండాది కదా!'' అన్నారాయన, కాస్త నొచ్చుకునే.

''ముందర రెండుండాయి. వెనకాల లేవు. ఆ ముందరవైనా కంపెనీవాళ్లు పెట్టినవేనా నాయనా?''

ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. కొన్నప్పటి నుంచీ ఆ బెల్టులున్నాయి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తనెప్పుడూ ఆలోచించలేదు. ముప్పై ఏళ్లు వేలమందిని క్షేమంగా ఇళ్లకు చేర్చిన డ్రైవరుకు సొంత మనవడి విషయంలో ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ రోజు కొండకు కూతురి కారులోనే వెళ్లొచ్చారు. తిరిగొచ్చాక తండ్రీ కూతురూ కలిసి బీరువాలోంచి పాత కాగితాలన్నీ తీశారు.

మార్చికి ముందా... తర్వాతా?

మన దేశంలో కార్లకు సీటుబెల్టు తప్పనిసరి అయింది జనవరి ఒకటిన కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 1993 మార్చిలో సవరించారు. డ్రైవరుకూ, ముందు సీట్లో కూర్చునేవారికీ బెల్టులు అమర్చాల్సిన బాధ్యతను తయారీదారు మీద పెట్టారు. అందుకు ఏడాది గడువు ఇచ్చారు. ఆ గడువు ముగిసింది 1994 మార్చి ఆఖరి వారంలో. అంటే, 1994 మొదటి మూడు నెలల్లో ఫ్యాక్టరీ గేటు దాటిన కారుకు బెల్టు పెట్టాలన్న నిబంధన లేదు. ఏప్రిల్‌లో గేటు దాటిన కారుకు ఉంది. రెండూ తొంభై నాలుగు మోడలే!

అలాగని మార్చికి ముందు తయారైన ఏ కారులోనూ బెల్టులు లేవనుకుంటే పొరపాటే. జపాన్ కంపెనీ ఇసుజు ఇంజినుతో 1990ల మొదట్లో వచ్చిన అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లో సీటుబెల్టులు మామూలుగానే వచ్చేవి. అంబాసిడర్ చరిత్రలో అలా రావడం అదే మొదలు. అదే ఫ్యాక్టరీలో, అదే కాలంలో తయారైన మిగతా రకాల సంగతి వేరు. కాబట్టి తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు. ఏ రకమో కూడా చూడాలి.

కాగితాల్లో మొదట చేతికొచ్చింది ఆర్సీ. అందులో రెండు తేదీలు ఉంటాయి. ఒకటి రిజిస్ట్రేషన్ అయిన రోజు. రెండోది బండి తయారైన నెల, సంవత్సరం. చాలామంది మొదటిదే చూసుకుంటారు. పెద్దాయన కూడా ఇన్నాళ్లూ అంతే. బండి రిజిస్ట్రేషనైంది 1994 జూన్‌లో. ఆ లెక్కన నిబంధన వచ్చాక పుట్టిన బండే. కానీ కూతురు వేలు రెండో గడి దగ్గర ఆగింది. తయారైన నెల... జనవరి!

కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో జనవరిలో తయారైన బండి, డీలరు దగ్గర నిలబడి నిలబడి జూన్‌లో రోడ్డెక్కిందన్నమాట. కాగితం మీద ఐదు నెలలే తేడా. ఆ ఐదు నెలల మధ్యలోనే ఆ మార్చి వచ్చిపోయింది.

ఆయనకు ఇంకా నమ్మకం చిక్కలేదు. ఆర్సీలో రాసేటప్పుడు గుమాస్తా పొరపాటు పడి ఉండొచ్చు కదా! బానెట్ ఎత్తి, ఛాసిస్ నంబరు మీద పేరుకున్న జిడ్డు తుడిచి, ఒక్కో అక్షరం ఆర్సీతో సరిపోల్చి చూశారు. సరిపోయింది. 1993 సవరణలోనే మరో అంశం కూడా ఉంది. బండి మీద కొట్టే గుర్తింపు సంఖ్యలో తయారైన నెల కూడా తెలియాలన్నది ఆ నియమం. నెలకు అంత విలువ ఉందని నిబంధనలు రాసినవాళ్లకు తెలుసు. వాడుకునేవాళ్లం మనమే పట్టించుకోలేదు.

పిల్లరు విప్పితే...

కాగితాలు చెప్పాల్సింది చెప్పేశాయి. ఇక మిగిలింది బండి. తిరుపతిలో తనకు పాతికేళ్లుగా తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. ముందు తలుపుకూ వెనక తలుపుకూ మధ్య నిలువుగా ఉండే స్తంభాన్ని మెకానిక్కులు 'పిల్లర్' అంటారు. భుజం మీదుగా వచ్చే బెల్టు పైకొస బిగించేది దానికే. అంబాసిడర్‌కు లారీకిలా అడుగున విడిగా ఛాసిస్ ఉండదు. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారు ఆధారంగా 1957లో మొదలైనప్పటి నుంచీ రేకు శరీరమే దానికి అస్థిపంజరం. బెల్టు పట్టు అంతా ఆ రేకు మీదే.

కంపెనీ బెల్టు పెట్టాలనుకున్నప్పుడు కేవలం బెల్టు కొని తగిలించదు. పిల్లరు లోపల మందపాటి ఇనుప పలక వెల్డింగ్ చేస్తుంది. ఆ పలకకు మర ఉన్న నట్టు అతికి ఉంటుంది. అందులోకి ఏడు బై పదహారు అంగుళాల బోల్టు దిగుతుంది. ప్రపంచంలో చాలా కార్లకు బెల్టు బోల్టు సైజు అదే. లాగిన బరువు ఒక్క చోట పడకుండా ఆ పలక చుట్టూ ఉన్న రేకుకు పంచుతుంది. సీటు పక్కన నేల మీద కూడా ఇలాంటి ఏర్పాటే ఉండాలి. సీటుబెల్టు మనకు గుడ్డ పట్టీలా కనిపిస్తుంది గానీ నిజానికి అది బండి శరీరంలో జరిగిన మార్పు.

మేస్త్రీ పిల్లరు మీది రెగ్జిన్ విప్పారు. టార్చి వేసి లోపలికి చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

''సామీ, దీంట్లో పలక లేదు. రేకుకు బొక్క పొడిచి, మామూలు నట్టూ వాషరూ ఏసి బిగించినారు. ఇది కంపెనీ పని కాదు.''

నేల మీద చూస్తే అక్కడా అంతే. పైగా వాషరు చుట్టూ తుప్పు. బోల్టు పట్టుకుని ఊపితే రేకు కూడా కదిలింది. ముందటి యజమానుల్లో ఎవరో, ఎప్పుడో, బెల్టు ఉందనిపించుకోడానికి పెట్టించిన పని అది. చూసేవారికి బెల్టు కనపడుతుంది. లాగితే వస్తుంది, గుచ్చితే 'టిక్' అంటుంది. ఇన్నేళ్లూ ఆయన కట్టుకున్నది దాన్నే. భార్యను ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు ఆమెకు కట్టిందీ దాన్నే!

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదని కూతురు చెబుతుంది. బెల్టు లేదని తెలిసిన మనిషి జాగ్రత్తగా నడుపుతాడు. ఉందనుకుని నడిపిన మనిషి మాటేమిటి? ఆయన్ను కలవరపెట్టింది అదే.

అర మీటరు లెక్క

వాషరుతో బిగిస్తే ఏమవుతుంది? కూతురు చదివింది ఇంజినీరింగ్. కాగితం మీద లెక్క వేసి తండ్రికి చూపించింది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుంటే, లోపలి మనిషికి తగిలే దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి పడినదానితో సమానం. అరవై కిలోల మనిషిని అర మీటరు దూరంలో ఆపాలంటే బెల్టు మీద సుమారు 1,200 కిలోల బరువు వేలాడినంత బలం పడుతుంది. అందుకే బెల్టు బిగించే చోటును పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణంలో భుజం పట్టీని 1,350 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగి చూస్తారు. నడుం పట్టీనీ అంతే బలంతో, అదే సమయంలో లాగుతారు. రూపాయి బిళ్లంత వాషరు, తుప్పు పట్టిన రేకు... వీటిని ఎవరూ అలా లాగి చూడలేదు.

మరి ఒళ్లో కూర్చున్న పిల్లాడు? పదిహేను కిలోల బిడ్డ అదే వేగంలో, అదే దూరంలో ఆగాలంటే దాదాపు 300 కిలోలు. 'గట్టిగా పట్టుకుంటాలే' అని ఎంత ప్రేమగల తాతైనా అనొచ్చు. మూడు బస్తాల బియ్యాన్ని కన్నుమూసి తెరిచేలోగా చేతుల్తో ఆపగలరా?

ఈ లెక్కను ఏర్పేడు నుంచి చూస్తే మరింత భయం వేస్తుంది. నాయుడుపేట వైపు నుంచి రేణిగుంట, తిరుపతి వెళ్లే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. వెంకటగిరి రోడ్డు కలిసేదీ ఇక్కడే. 2017 ఏప్రిల్ 21న పోలీసు స్టేషన్ దగ్గర గుమిగూడిన జనం మీదికి లారీ దూసుకొచ్చిన ఘోరాన్ని ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేదు. అంబాసిడర్ పుట్టినప్పుడు రోడ్డు మీద వేగం ఒకటి. ఇప్పుడు పక్కనుంచి దూసుకెళ్లే బళ్ల వేగం వేరు.

అక్కడా ఇదే కథ

చట్టం ఒక తేదీ పెడుతుంది. ఫ్యాక్టరీ మరో లెక్కలో నడుస్తుంది. ఆ రెండూ కలవని చోట ఇలాంటి 'సగం ఏడాది' బళ్లు పుడతాయి. అమెరికాలో కార్ల కంపెనీలు కొత్త మోడల్‌ను అంతకు ముందు ఏడాది చివర్లోనే విడుదల చేసేవి. రాల్ఫ్ నేడర్ 1965లో కార్ల లోపాలను ఎండగడుతూ పుస్తకం రాశాక అక్కడ పెద్ద దుమారం రేగింది. 1966 సెప్టెంబరులో వాహన భద్రత చట్టం వచ్చింది. ముందు సీట్లకు భుజం బెల్టులు ఉండాలన్న నియమం 1968 జనవరి ఒకటి నుంచి, మెడ వెనక్కి విరగకుండా ఆపే తలదిండ్ల నియమం 1969 జనవరి ఒకటి నుంచి అమలయ్యాయి. దాంతో 1969 మోడల్ కార్లలోనే డిసెంబరులోగా తయారైనవాటికి తలదిండు తప్పనిసరి కాదు, జనవరి నుంచి తయారైనవాటికి తప్పనిసరి. అక్కడ పాత కార్లను ఇష్టంగా బాగు చేసుకునేవాళ్లు తలుపు మీది చీటీలో తయారీ నెల వెతికేది అందుకే.

ఇంత చేసినా మూడు చోట్ల బిగించే బెల్టు అప్పటికే పాతబడిన సంగతి. స్వీడన్‌లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించిన ఆ బెల్టు 1959లోనే కార్లలోకి వచ్చింది. మిగతా కంపెనీలూ వాడుకునేలా వోల్వో ఆ పేటెంటును అందరికీ వదిలేసింది. మన కార్లలో అది తప్పనిసరి కావడానికి మరో ముప్పై అయిదేళ్లు పట్టింది.

బెల్టుతో పాటు అద్దం కథ కూడా ఇదే. 1993 సవరణే ముందు అద్దానికి మూడేళ్ల గడువు ఇచ్చింది. అంటే 1996 మార్చి తర్వాత తయారైన బళ్లకు రెండు గాజు పలకల మధ్య పల్చటి పొర ఉండే లామినేటెడ్ అద్దమే ఉండాలి. దెబ్బ తగిలితే అది పగులుతుంది గానీ ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. అంతకు ముందటి బళ్లలో ఒక్క దెబ్బకు బొరుగుల్లా రాలిపోయే అద్దాలు కూడా ఉండేవి. ఇక్కడా ఏడాది మధ్యలోనే గీత పడింది. వెనక సీట్లకు బెల్టులు రావడానికి 2000 దశకం దాకా ఆగాల్సి వచ్చింది.

మీ ఇంట్లోనూ పాత కారుందా?

ఇష్టంగా దాచుకున్న బండైనా, కొత్తగా బేరమాడుతున్న పాత బండైనా ఈ నాలుగూ చూసుకోవడం మంచిది.

* ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీతో ఆగకండి. తయారైన నెల చూడండి. ఛాసిస్ నంబరు ఆర్సీతో కలుస్తోందో లేదో సరిచూడండి.

* బెల్టు ఉంటే చాలదు. అది దేనికి బిగించి ఉందో మెకానిక్‌తో విప్పించి చూడండి. పలక, అతికిన నట్టు ఉన్నాయా? చుట్టూ తుప్పు ఉందా?

* విడిభాగాన్ని చూసి బండి వయసు కట్టకండి. అద్దం, సీటు, బెల్టు ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు. కొత్త అద్దం ఉన్నంత మాత్రాన అది కొత్త బండి కాదు.

* పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం చెబుతోంది. లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. జరిమానా మాట అటుంచి, చిన్నపిల్లలకు పెద్దవాళ్ల బెల్టు సరిపోదు. అది భుజం మీద కాకుండా మెడ మీద పడుతుంది.

మేస్త్రీ చెప్పిన నిజం

''పలకలేసి వెల్డింగ్ చేసిస్తా సామీ. ఇప్పుడున్న దానికన్నా నూరు రెట్లు నయం. అయితే ఎంత బరువు ఆపుతుందని నన్నడిగితే మాత్రం చెప్పలేను. లాగి చూసే మిషను నా దగ్గర లేదు'' అన్నారు మేస్త్రీ. బేరం పోతుందని తెలిసీ ఉన్నమాట చెప్పిన ఆ మనిషి మీద పెద్దాయనకు గౌరవం పెరిగింది.

ఇంట్లో ఎవరి మాట వాళ్లది. అమ్మేయమన్నారు పెద్దల్లుడు. తుక్కు కింద ఇస్తే ఎంతొస్తుందో కూడా కనుక్కొచ్చారు. పెద్దాయన భార్య ఒప్పుకోలేదు. కూతుళ్లను అత్తారింటికి పంపిన బండి అది. అయినా 2014లో ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయాక ఇలాంటి బళ్లు మళ్లీ రావు కదా అన్నది ఆమె వాదన. చిన్న కూతురు అమ్మమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. ''నీ ఇష్టం నాయనా. బిడ్డను మాత్రం ఎక్కించొద్దు'' అంది అంతే.

ఆయన ఆలోచించి ఓ నిర్ణయానికి వచ్చారు. ముందు సీట్లకు రెండు వైపులా తుప్పు రేకు కోయించి, మంచి రేకు అతికించి, లోపల పలకలు వేయించారు. పాత బెల్టులు పారేసి కొత్తవి బిగించారు. అంతటితో బండి కొత్తదైపోయిందని ఆయన భ్రమపడలేదు. స్టీరింగు రాడ్డు ఇప్పటికీ ఛాతీకి ఎదురుగా నిలబడే ఉంది. తలదిండ్లు లేవు. దెబ్బను మింగేలా ముడుచుకునే ముక్కు లేదు. ఎయిర్‌బ్యాగుల ఊసే లేదు. అందుకే హైవే ఎక్కడం మానేశారు. తోట దాకా, ఊళ్లో పెళ్లిళ్ల దాకా మెల్లగా నడుపుతారు. పక్కన ఒక్కరికే చోటు. వెనక సీటు మీద ఎరువు బస్తాలు, శనక్కాయ మూటలు మాత్రమే ప్రయాణం చేస్తాయి. మనవడు వచ్చినప్పుడు స్టీరింగు పట్టుకుని 'బ్రూం... బ్రూం' అనడానికి అడ్డు లేదు. కాకపోతే అప్పుడు బండి ఇంటి ముందు చెట్టు కింద ఆగి ఉండాలి!

మరో పని కూడా చేశారు. ఆర్సీ పెట్టుకునే ప్లాస్టిక్ కవరులో ఓ తెల్లకాగితం చేర్చారు. అందులో ఆయన చేతిరాతతో నాలుగు ముక్కలున్నాయి. 'తయారైనది 1994 జనవరి. కంపెనీ బెల్టులు లేవు. ఇప్పుడున్నవి మేము వేయించినవి. పరీక్ష చేయలేదు.' తన తర్వాత ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా, తాను పడ్డ భ్రమలో వాళ్లు పడకూడదన్నది ఆయన కోరిక. బేరంలో ఆ కాగితం పదివేలు తగ్గిస్తుందని పెద్దల్లుడు నవ్వుతారు. ''తగ్గనీలే అబ్బోడా... ఆ పదివేలకు ఎవురి బిడ్డో ముందర సీట్లో కూచుంటే?'' అంటారు పెద్దాయన.